ఖరీదైన ఇంజెక్షన్, ఎండిన నోరు

ఇంట్లో వంట చేసే మనిషికి నాలుక మీద రుచి తప్పితే ఆ సంగతి ఆమెకంటే ముందు ఆమె చేతి వంట తినేవాళ్లకు తెలుస్తుంది. పప్పులో ఉప్పు ఎక్కువవుతుంది, చారులో పులుపు మితిమీరుతుంది. "ఏంటమ్మా, ఇవాళ ఉప్పు రెండుసార్లు వేశావా?" అని పిల్లలు అడుగుతారు. ఆమె మూడు వారాలకోసారి విజయవాడ వెళ్లి క్యాన్సర్‌కి ఇంజెక్షన్ ఎక్కించుకుని వస్తోంది. ఆ మందుకీ ఈ ఉప్పుకీ సంబంధం ఉండొచ్చని ఎవరికీ తట్టదు. నోరు మండితే వేడి చేసిందంటారు. నాలుక పూస్తే మెడికల్ షాపు నుంచి బి కాంప్లెక్స్ మాత్రలు వస్తాయి. నోరెండిపోతోందంటే, మే నెల బెజవాడలో నోరెండనిదెవరికని తేలిగ్గా తీసేస్తారు. సబ్జా గింజల నీళ్లు, కొబ్బరి బొండం, పలచని మజ్జిగ: మన డెల్టాలో నోటికొచ్చే ప్రతి బాధకూ మొదటి వైద్యం ఇవే. వీటివల్ల చెడేదేమీ లేదు. వీటిని నమ్ముకుని డాక్టరుకు చెప్పకుండా గడిపేసే రెండు మూడు నెలల్లోనే చెడు జరుగుతుంది.

ఇమ్యునోథెరపీ అని ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న మందుల్లో ఎక్కువ వాడుకలో ఉన్నవి చెక్‌పాయింట్ ఇన్‌హిబిటర్లు. మన ఒంట్లో రోగనిరోధక సైన్యంలాంటి టి కణాలకు సహజంగానే కొన్ని కళ్లాలుంటాయి. శత్రువు మీదికి ఉరికే క్రమంలో సొంత ఒంటిని కొరక్కుండా ఆపేవి అవే. వాటిలో పీడీ-1 అనేదాన్ని జపాన్‌కు చెందిన తసుకు హోంజో బృందం 1992లో కనిపెట్టింది. సీటీఎల్ఏ-4 అనే మరో కళ్లాన్ని వదులు చేస్తే ఎలుకల్లో కణితులు కరుగుతాయని అమెరికాలో జేమ్స్ అలిసన్ 1996లో చూపించాడు. ఇద్దరికీ కలిపి 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈలోగా మందులూ వచ్చాయి: 2011లో ఇపిలిముమాబ్‌కు, 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్‌లకు అమెరికా అనుమతి దొరికింది. క్యాన్సర్ కణం ఈ కళ్లాలను పట్టుకుని టి కణాన్ని నిద్రపుచ్చుతుంది, మందు ఆ పట్టు విడిపిస్తుంది. కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇక్కడి ప్రమాదం విడమరిచి చెప్పక్కర్లేదు. తూము తలుపు ఎత్తాక నీరు మన చేలోకే పోవాలని రూలేమీ లేదు, పల్లం ఎటుంటే అటు పారుతుంది. టి కణాలు అలా పారే పల్లాల్లో పేగు ఒకటి, చర్మం ఒకటి, థైరాయిడ్ ఒకటి. నోరు కూడా ఒకటి. పేగుకూ ఊపిరితిత్తికీ వైద్య మార్గదర్శకాల్లో విడి అధ్యాయాలు ఉంటాయి. నోటి సంగతి చర్మం కిందో కీళ్ల కిందో నాలుగు వాక్యాల్లో తేలిపోవడమే ఎక్కువ.

నోట్లో కనిపించే వాటిలో ముందు చెప్పాల్సింది ఎండిపోవడం. పెద్ద పరిశోధనల్లో ఈ మందులు తీసుకున్న వందమందిలో అయిదుగురు అటూ ఇటూగా నోరెండుతోందని చెప్పారు. సంఖ్య చిన్నదిగా కనిపిస్తుంది కానీ బాధ చిన్నది కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అది తగ్గితే అన్నం మెతుకులు అంగిలికి అతుక్కుంటాయి, మాట తడబడుతుంది, రాత్రి గంటకోసారి లేచి నీళ్లు తాగాలి, ఆర్నెల్లు తిరక్కుండా పళ్లు మొదళ్ల దగ్గర పుచ్చుతాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లోని దంత పరిశోధకులు ఇలాంటి 20 మందిని దగ్గరగా పరిశీలించి 2019లో ప్రచురించిన వ్యాసం ఈ విషయంలో కళ్లు తెరిపించింది. నోరెండే పాత జబ్బు షోగ్రెన్స్ సిండ్రోమ్ ప్రధానంగా ఆడవాళ్లది, మెల్లగా ఏళ్ల తరబడి ముదురుతుంది. ఈ 20 మందిలో 14 మంది మగవాళ్లు. ఎక్కువమందికి ఇంజెక్షన్లు మొదలైన మూడు నెలల లోపే, ఉన్నట్టుండి వచ్చింది. పెదవి లోపలి నుంచి చిన్న లాలాజల గ్రంథి ముక్క తీసి చూస్తే షోగ్రెన్స్‌లో కనిపించే బి కణాలు దాదాపు లేవు. గ్రంథి నిండా టి కణాలే. పైకి ఒకేలా ఉన్నా ఇది వేరే జబ్బన్నమాట. స్టెరాయిడ్ ఇచ్చినా, ఇంజెక్షన్ ఆపినా చాలామందిలో మెరుగు కనిపించింది కానీ, ఆ మెరుగు స్వల్పమే.

ఎండిన నోటి వెనక మరొకటి పొంచి ఉంటుంది. దీన్ని మన ప్రాంతంలో మరీ గట్టిగా చెప్పాలి. ఈ మందులు వందలో ఒకరికి క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలను దెబ్బతీసి, అప్పటిదాకా షుగర్ లేని మనిషికి కూడా రోజుల వ్యవధిలో తీవ్రమైన మధుమేహం తెస్తాయి. దాని తొలి గుర్తులు దాహం, నోరెండడం, పదేపదే మూత్రానికి వెళ్లడం. ఇంటికొక షుగర్ పేషెంటున్న ఊళ్లలో, నలభై అయిదు డిగ్రీల ఎండలో, ఈ దాహాన్ని ఎవరు పట్టించుకుంటారు? పట్టించుకోకపోతే వాంతులు, ఆయాసం, స్పృహ తప్పడం దాకా పోతుంది. ఇమ్యునోథెరపీ తీసుకుంటున్నవాళ్లకు నోరెండిందంటే ఆ రోజే వేలికొన నుంచి రక్తపు చుక్క తీసి షుగర్ చూడాలి. దానికయ్యేది నిమిషం పని.

రెండోది బుగ్గల లోపలి పొర మీద తెల్లని జాలరులాంటి గీతలు, వాటి మధ్య ఎర్రని పుండ్లు. దంతవైద్యులు లైకెనాయిడ్ చర్య అంటారు. కొందరికి అద్దంలో చూసుకునేదాకా తెలియదు. కొందరికి గోంగూర పచ్చడి నాలికకు తగిలితే కళ్లనీళ్లు తిరుగుతాయి. కీమో వల్ల వచ్చే నోటిపూతకూ దీనికీ కాలంలో తేడా ఉంది. కీమో పూత మందు ఎక్కిన వారం పది రోజులకు లేచి, మరో రెండు మూడు వారాల్లో తనంత తానే మానుతుంది. ఇమ్యునోథెరపీది నెలల తర్వాత మొదలవ్వొచ్చు, మందు ఆపేశాక కూడా రావొచ్చు, వచ్చాక కదలకుండా కూర్చోవచ్చు. రక్తపోటు మాత్రల్లో కొన్ని కూడా ఇలాంటి గీతలే తెస్తాయి కాబట్టి, రోగి సంచిలోని మాత్రలన్నీ బల్ల మీద పోయించి చూడాలి.

మిగిలినవి అరుదు. చిగుళ్ల పొర ఊడిపోయి నీటిబొబ్బలు వచ్చే పెంఫిగాయిడ్ ఒకటి. అన్నిటికంటే భయపడాల్సింది మరొకటి: నోరంతా పుండ్లు, పెదవుల మీద నల్లని రక్తపు పక్కులు, కళ్లు ఎర్రబడటం, జ్వరం, ఒళ్లు ముట్టుకుంటే మంట. ఇవన్నీ కలిసి వస్తే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ కావచ్చు. రేపు ఉదయం చూద్దాంలే అని ఆగకూడని స్థితి అది. రుచి పోవడం వీటన్నిటితో కలిసీ వస్తుంది, విడిగానూ వస్తుంది. ఇమ్యునోథెరపీల్లోనే మరో జాతికి చెందిన టాల్‌క్వెటమాబ్ అనే మందు, మయిలోమా అనే ఎముక మూలుగ క్యాన్సర్‌కి ఇచ్చేది, రుచిని ఎంతగా చెడగొడుతుందంటే దాని అనుమతి పత్రాల్లోనే 80 శాతం మందికి నోటి సమస్యలు వచ్చాయని రాసి ఉంది. ఆ మందు వెతికే గుర్తు క్యాన్సర్ కణం మీదే కాక చర్మం, గోళ్లు, నాలుకలాంటి గట్టిపొర ఉన్న చోట్ల కూడా ఉండటం దానికి కారణం.

ఇంతవరకూ చెప్పినదంతా ప్రపంచ వైద్య సాహిత్యంలో ఉన్నదే. నాకు చిక్కంతా ఇక్కడి నుంచే. ఈ వర్ణనల్లో ఎక్కువ భాగం చర్మపు మెలనోమా, ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్లను చూసి రాసినవి. వాళ్ల నోరు అంతకుముందు మామూలు నోరు. బుగ్గ పొర మెత్తగా, గులాబీ రంగులో ఉండేది. కాబట్టి కొత్తగా తెల్లగీత పడితే అది మందు గీసిన గీతేనని చెప్పడం తేలిక. కృష్ణా డెల్టాలో ఈ ఇంజెక్షన్ దాకా వచ్చే రోగుల్లో చాలామందికి క్యాన్సర్ వచ్చింది ఆ నోట్లోనే. లంక పొగాకు చుట్టలు, జర్దా కిళ్లీ, ఖైనీ, వక్కపొడి, గుట్కా ఇరవై ఏళ్లు నానిన నోరది. వక్క నమిలి నమిలి బుగ్గలు పలకల్లా బిగుసుకుపోయి రెండు వేళ్లు కూడా పట్టని నోళ్లున్నాయి. దాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. దాని మంటా కారం తగలగానే వచ్చేదే. ఆపైన ఆపరేషన్ జరిగి ఉంటుంది, 'కరెంటు' పెట్టి ఉంటారు. రేడియేషన్‌ను మన పల్లెల్లో పిలిచే పేరు అది. ఆ కరెంటుకు లాలాజల గ్రంథులు సగం ఎప్పుడో మాడిపోయి ఉంటాయి. అలాంటి నోట్లో కొత్తగా ఎండిన భాగమెంత, పాతదెంత? ఈ తెల్లమచ్చ ఇంజెక్షన్ తెచ్చిందా, పొగాకు తెచ్చిందా, క్యాన్సర్ మళ్లీ మొలకెత్తుతోందా? ఈ మూడో ప్రశ్న వల్లే మన దగ్గర ముక్క పరీక్షకు వెనకాడకూడదు.

పొగాకు నోటిని ఎంత విచిత్రంగా మార్చగలదో లోకానికి చూపిన ప్రాంతం కూడా మనదే. ఉత్తర కోస్తాలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు మీద డెన్మార్క్ పరిశోధకుడు పిండ్‌బోర్గ్, బొంబాయి నుంచి మెహతా, గుప్తా, దఫ్తరీ తదితరులు 1971లో ప్రచురించిన సర్వేలో 10,169 మంది పల్లెవాసుల అంగిళ్లు చూశారు. పదివేల నోళ్లలోకి చూసిన ఆ ఓపిక ఇప్పుడు ఇమ్యునోథెరపీ నోళ్లకు కావాలి.

ఇక డబ్బు సంగతి. పూర్తి మోతాదు నివోలుమాబ్ రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. ఏడాదికి అయ్యే లక్షలు ఎకరాలు అమ్మితే తప్ప రావు. పేద, మధ్యాదాయ దేశాల్లో ఈ మందు అందేది వందలో ఒకరి నుంచి ముగ్గురికేనని ముంబై టాటా మెమోరియల్ వైద్యులు రాశారు. వాళ్లే ఒక దారి వెతికారు. విజయ్ పాటిల్, కుమార్ ప్రభాష్ బృందం తల, మెడ క్యాన్సర్ ముదిరిన 151 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు చవక మాత్రలు మూడు, రెండో గుంపుకు అవే మాత్రలతో పాటు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఇచ్చింది. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు మొదటి గుంపులో 16.3 శాతమైతే, రెండో గుంపులో 43.4 శాతం. తీవ్రమైన దుష్ఫలితాలు మొదటి గుంపులో 50 శాతం, రెండో గుంపులో 46.1 శాతం. అంటే ఇంజెక్షన్ చేర్చినందుకు దుష్ఫలితాల భారం పెరగలేదు. ఇక్కడి సామాన్య రోగికి ఆశ కలిగించే పద్ధతి ఇదే, సందేహం లేదు. నోటిని చదవడం అన్నిటికంటే కష్టమయ్యే పద్ధతి కూడా ఇదే.

ఎందుకంటే ఆ మూడు మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్. దాని కథ మన పక్కనే, కొల్లేటికి అవతల ఉన్న భీమవరంలో మొదలవుతుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు యవ్వనంలో స్ప్రూ అనే జబ్బుకు అన్నదమ్ములను పోగొట్టుకున్నాడు, తానూ ఆ జబ్బు పడ్డాడు. పేగులు తిండిని పట్టుకోలేక మనిషి శల్యమయ్యే ఆ రోగంలో నాలుక ఎర్రగా పచ్చిపుండవుతుంది. స్ప్రూ అనే మాటే నోటిపూతకు డచ్చివాళ్ల మాట. ఆ జబ్బును కుదర్చగల ఫోలిక్ ఆమ్లాన్ని అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందమే 1945లో తయారుచేసింది. ఆ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థాలనూ అక్కడే చేశారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్త క్యాన్సర్ పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బును వెనక్కి నెట్టాడు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. అమినోప్టెరిన్‌కు తోడబుట్టినది మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆమ్లం అందకపోతే ముందుగా దెబ్బతినేది వేగంగా పుట్టే కణాలు, అంటే క్యాన్సర్ కణాలతో పాటు నోటి పొర కణాలు. నోటిపూతకు మందు వెతికిన దారిలోనే, నోటిపూత తెచ్చే మందూ దొరికింది.

కాబట్టి ఈ నాలుగు మందుల పద్ధతిలో ఉన్న రోగి నోరు పూసిందని వస్తే ముద్దాయిలు ఒకరు కాదు. మెథోట్రెక్సేట్ అయితే దాన్ని ఆపి ఫోలినిక్ ఆమ్లం ఇవ్వాలి. ఆ మాత్రల్లో మరొకటైన ఎర్లోటినిబ్ కూడా నోటిని పొక్కిస్తుంది, దానితో పాటు మొటిమల్లాంటి దద్దుర్లు ముఖం మీద కనిపిస్తాయి. నివోలుమాబ్ అయితే స్టెరాయిడ్ పూత వేయాలి. ఒకదాని వైద్యం మరొకదానికి పనికిరాదు. అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: "ఆ పసుపుపచ్చ చిన్న మాత్ర ఎలా వేసుకుంటున్నారండి?" మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి వేసుకునేది. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు దేశమంతటా ఉన్నారు. ఆ పొరపాటు మొదట బయటపడేది నోటి పుండ్లలోనే. చీటీ మీద "వారానికి ఒకసారి, ఆదివారం" అని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాస్తే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

మోతాదు తగ్గితే నోటి బాధ తగ్గుతుందా? ఇపిలిముమాబ్‌కు అవునని చెప్పొచ్చు, మోతాదు పెరిగేకొద్దీ దాని దుష్ఫలితాలు పెరిగాయి. పీడీ-1 మందులు అలా నడవవు. మోతాదు బాగా తగ్గించినా టి కణాల మీది పీడీ-1 చాలావరకు మందుతో మూసుకునే ఉంటుందని తొలి పరిశోధనల్లోనే తేలింది. తక్కువ మోతాదు పనిచేయడానికి ఆధారం అదే. అదే లెక్కన, తక్కువిచ్చాం కదా నోటికేమీ కాదులే అనుకోవడానికి వీల్లేదు. ఇంకో మాట రోగుల్లో ఓదార్పుగా తిరుగుతుంటుంది: దుష్ఫలితం వచ్చిందంటే మందు పట్టిందన్నమాట అని. ఇలాంటి దుష్ఫలితాలు వచ్చినవాళ్లు సగటున ఎక్కువ కాలం బతికారని చాలా పరిశీలనలు చెప్పిన మాట నిజం. అయితే ఎక్కువ కాలం బతికినవాళ్లకే దుష్ఫలితాలు కనబడేంత వ్యవధి దొరుకుతుంది. ఈ మెలిక తీసేసి లెక్కిస్తే ఆ సంబంధం పలచబడుతుంది. ఈ ఓదార్పుతో నోటి బాధను ఓర్చుకోమని ఎవరికీ చెప్పలేను.

వైద్యం ఉంది, పెద్ద ఖర్చూ కాదు. లైకెనాయిడ్ గీతలకు ట్రయామ్‌సినలోన్ పేస్టు, లేదా డెక్సామెథసోన్ ద్రవాన్ని నోట్లో కాసేపు ఉంచి ఉమ్మడం. పైపైన వాడే ఈ స్టెరాయిడ్ ఇమ్యునోథెరపీ పనిని చెడగొట్టదు. మింగే స్టెరాయిడ్ తీవ్రమైన వాటికే. పెద్ద మోతాదులో మింగితే షుగర్ పెరుగుతుంది, నోట్లో తెల్లని క్యాండిడా బూజు పడుతుంది, అప్పుడు క్లోట్రిమజోల్ పూత కావాలి. ఆ బూజును మొదటి జబ్బే అనుకుని మళ్లీ స్టెరాయిడ్ పూస్తే అది ఇంకా పాకుతుంది. ఎండిన నోటికి పైలోకార్పిన్ మాత్ర మిగిలున్న గ్రంథిని పిండుతుంది, ఉబ్బసం, కొన్ని రకాల గ్లకోమా ఉన్నవాళ్లు తీసుకోకూడదు. పుల్లబిళ్ల చప్పరిస్తే నోరూరుతుందని మనవాళ్లకు తెలుసు, కానీ లాలాజలం లేని నోట్లో ఆ పులుపు పళ్లను కరిగిస్తుంది. చక్కెర లేని గమ్ మేలు. పళ్లపొడి, ఉప్పు, బొగ్గు మానేసి మెత్తని బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు వాడాలి. లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించడం పాత చిట్కానే. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కంటే ఇదే నయం.

తిండి దగ్గర మన మనుషులు ఎక్కువ కుంగిపోతారు. కారం లేని ముద్ద డెల్టాలో రోగి ముద్ద. ఆవకాయ మానమంటే పెద్దవాళ్లు కంచం ముందు నుంచి లేచిపోతారు, నెలలో అయిదు కిలోలు తగ్గుతారు. పెసరకట్టు, రాగిజావ, నెయ్యి కలిపిన ముద్దపప్పు మెత్తన్నం, గడ్డపెరుగు, బాగా ఉడికిన గుడ్డు, ముల్లు తీసిన చేప పులుసులో చింతపండు తగ్గించి: ఇవన్నీ మన వంటింటివే. రుచి తెలియనివాళ్లకు వేడి కూర కంటే చల్లారిన తిండి తేలిగ్గా దిగుతుంది. బరువు ప్రతి వారం ఒకే కాటా మీద రాసి పెట్టుకోవాలి.

ఈ నోళ్లను చూసేదెవరు? గుణదలలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో, గుంటూరు పక్క తక్కెళ్లపాడులో, భీమవరంలో దంత కళాశాలలున్నాయి. వీటిలో ఓరల్ మెడిసిన్ విభాగాలుంటాయి, సరిగ్గా ఈ పొరల జబ్బులను చదివిన డాక్టర్లుంటారు. మరోపక్క గుంటూరు సర్వజనాసుపత్రి ఆవరణలో క్యాన్సర్ కేంద్రం, మంగళగిరిలో ఎయిమ్స్, విజయవాడలో ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రులు. వీటి మధ్య దూరం గంట రెండు గంటల ప్రయాణం. కావాల్సింది మొదటి ఇంజెక్షన్‌కు ముందు ఒక చీటీ, ఒక పరీక్ష: బుగ్గలు రెండు, నాలుక, అంగిలి, పెదవి లోపల ఫోన్‌తో అయిదు ఫొటోలు, నోరెంత తెరుచుకుంటుందో మిల్లీమీటర్లలో ఒక కొలత, అయిదు నిమిషాల్లో గ్లాసులోకి ఉమ్మిన లాలాజలం ఎంతో మరో కొలత. పొగాకు మచ్చలూ కరెంటు మచ్చలూ ఉన్న మన నోళ్లకు ఈ మొదటి ఫొటో లేకపోతే, తర్వాత వచ్చిన ఏ మచ్చనూ ఎవరూ తేల్చి చెప్పలేరు. పీకాల్సిన పళ్లు అప్పుడే పీకించాలి. ఎముకలకు పాకిన క్యాన్సర్‌కి జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ ఇంజెక్షన్లు మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఉంది.

ఇది మరికొన్నేళ్లు వాయిదా వేయదగ్గ పనీ కాదు. 2025 జూన్‌లో అమెరికా పెంబ్రోలిజుమాబ్‌ను తల, మెడ క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఇవ్వడానికి అనుమతించింది. చివరి దశ మందు మొదటి దశకు వచ్చేసింది. జబ్బు నయమై ముప్పై ఏళ్లు బతకబోయే మనిషి ఎండిన నోటితో ఆ ముప్పై ఏళ్లూ గడపాల్సి రావచ్చు.

ఇంజెక్షన్ రోజున నర్సులు విరేచనాలున్నాయా, దగ్గుందా, దద్దుర్లు వచ్చాయా అని వరసగా అడుగుతారు. ఆ వరసలో ఇంకో నాలుగు ప్రశ్నలు చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గుప్పెడు మరమరాలు నీళ్లు లేకుండా తినగలుగుతున్నారా? రాత్రి నీళ్ల కోసం ఎన్నిసార్లు లేస్తున్నారు? పచ్చడి ముద్ద మానేసి ఎన్నాళ్లయింది? ఇంట్లో కూరలో ఉప్పు ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?